శ్రీదేవి వెనక్కి తీసుకున్న పేరు

ఆ బుధవారం పొద్దున ఎనిమిదింబావుకి శ్రీదేవి సత్తెనపల్లి బస్టాండులో నిలబడి, ఫోన్లో ఒక ప్యాచ్ చదివి, బాగుందని తన పేరు రాసి పంపేసింది. మాచర్ల బస్సు అప్పుడే లోపలికి తిరుగుతోంది. చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. దాన్ని సరిదిద్దుకోవడానికి మూడు వారాల పైనే పట్టింది.

శ్రీదేవిది నరసరావుపేట. ముప్పై ఏడేళ్ళు. తండ్రి మస్తానయ్య మాచర్ల అవతల క్వారీల్లో నాపరాళ్ళు తీసేవాడు. భర్త రామాంజి లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటాడు. ఆమె పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, పేటలో కాటాలు అమ్మే ఒక ఏజెన్సీలో పదేళ్ళు పనిచేసింది. కాటా అంటే ఇక్కడ లారీని లోడుతో సహా తూచే వేబ్రిడ్జి. ఏజెన్సీ మూసేశాక సొంతంగా రిపేర్లు మొదలుపెట్టింది. సత్తెనపల్లి నుంచి మాచర్ల దాకా కంకర కొట్టే క్రషర్ల దగ్గర, సున్నపు బట్టీల దగ్గర, పత్తి మిల్లుల్లో కాటా పక్కన ఒక ఇరుకు గది ఉంటుంది. అందులో తెల్లటి దుమ్ము కొట్టుకుపోయిన కంప్యూటరు ఒకటి ఉంటుంది. అది మొరాయిస్తే శ్రీదేవికి ఫోన్ వస్తుంది.

ఆ కంప్యూటర్లలో ఆమె లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేది. పాత మెషీన్ల మీద కూడా నడుస్తుంది, వైరస్ గోల ఉండదు. నెట్‌వర్క్ వైరు పెట్టే రంధ్రంలో దుమ్ము చేరి పాడైతే, గుంటూరు నుంచి తెచ్చిన చవక రకం యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి తగిలించేది. మూడేళ్ళ కిందట ఆ అడాప్టర్లే ఆమెను సతాయించాయి. క్రషర్ మోటారు స్టార్ట్ చేసినప్పుడల్లా వోల్టేజి పడిపోతుంది. అడాప్టర్ ఆరిపోయి, మళ్ళీ వెలిగి, ఇక పలికేది కాదు. వాళ్ళనీ వీళ్ళనీ అడిగి విసిగిపోయి, చివరికి ఆ అడాప్టర్‌ని నడిపే డ్రైవర్ కోడ్ ఎక్కడుందో తానే వెతుక్కుంది. అది లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో, అందరూ చదువుకునేలా తెరిచే ఉంది. ఏడువందల వరసలు. నాలుగు నెలలు దానితో కుస్తీ పట్టి, తప్పెక్కడుందో కనిపెట్టి, మార్చాల్సిన వరసలు రాసి, ఆ కోడ్ మీద పనిచేసేవాళ్ళంతా చదివే మెయిల్ జాబితాకి పంపింది. అలా పంపేదాన్నే ప్యాచ్ అంటారు. ఆరుసార్లు తిప్పి కొట్టారు. ఏడోసారి తీసుకున్నారు.

ఆ అడాప్టర్ వాడేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నా, దాని డ్రైవర్ కోడ్ తెలిసినవాళ్ళు ఇద్దరు ముగ్గురే. అందుకని నెట్‌వర్క్ డ్రైవర్లు చూసుకునే మెయింటైనర్, ఎక్కడో యూరప్‌లో ఉండే పెద్దాయన, ఏడాది కిందట ఆమెను ఆ డ్రైవర్‌కి రివ్యూయర్‌గా చేర్చాడు. దానికి జీతం ఉండదు. ఎవరైనా ప్యాచ్ పంపితే చదివి తప్పొప్పులు చెప్పాలి, అంతే. బాగుందని చెబితే ‘రివ్యూడ్ బై’ అని ఆమె పేరు ఆ ప్యాచ్ కింద చేరుతుంది, ప్యాచ్‌ని కెర్నల్‌లోకి తీసుకున్నాక ఇక ఎప్పటికీ అక్కడే ఉంటుంది. పేటలో ఈ సంగతి తెలిసింది రామాంజికి ఒక్కడికే.

బుధవారం ప్యాచ్ పంపినవాడి పేరు మారెక్. పోలండ్ వాడు. అది మూడో కూర్పు. మొదటి రెంటినీ అమరిక బాగాలేదని, వివరణ చాలలేదని వెనక్కి పంపారు. పొద్దున్నే మెయింటైనర్ దగ్గర్నుంచి కూడా రెండు వాక్యాలు వచ్చాయి. “శ్రీదేవీ, దీన్ని ఒకసారి చూడగలరా? గురువారం కట్టలో పంపేద్దామని.” ప్రతి గురువారం ఆయన ఆ వారం దిద్దుబాట్లన్నీ కట్టగట్టి పైకి పంపుతాడు.

ప్యాచ్‌లో మార్పు ఒక్క వరసే. కెర్నల్ ఏ పనికైనా మెమరీలో కాస్త చోటు తీసుకుంటుంది. ఆ చోటు ఖాళీగా ఉండదు. అంతకుముందు ఇంకేదో పని వాడి వదిలేసిన అంకెలు అందులో అలాగే పడి ఉంటాయి. కొత్త విలువ రాశాకే అక్కడ చదవాలి. రాయకుండా చదివితే పాత చెత్తే చేతికొస్తుంది. ఇలాంటి తప్పుల్ని పట్టుకోవడానికి రాత్రింబవళ్ళు కెర్నల్‌ని పరీక్షించే ఒక యంత్రం ఉంది. అది ఈ డ్రైవర్‌లో ఒక తప్పు పట్టుకుంది. నెట్‌వర్క్‌లో తనను గుర్తుపట్టే అడ్రస్ చెప్పేటప్పుడు అడాప్టర్ ఆరు జతల అంకెలు పంపాలి. ఒక్కోసారి అంతకంటే తక్కువే పంపుతుంది. డ్రైవర్ ఎన్ని వచ్చాయో చూడకుండా ఆరూ వచ్చాయనుకుని చదివేస్తుంది. మారెక్ చేసిందల్లా, చదవబోయే చోటుని ముందే సున్నాలతో నింపడం. యంత్రం మళ్ళీ పరీక్షించి తప్పు పోయిందని చెప్పింది.

శ్రీదేవి పైనుంచి కిందికి ఒకసారి చూసింది. సరిగానే ఉందనిపించింది. పేరు రాసి పంపి, బస్సెక్కింది.

సీటు దొరికింది కానీ కుదురుగా కూర్చోలేకపోయింది. ఫోన్ తీసి మళ్ళీ ఆ ప్యాచ్ చూసింది. పెట్టేసింది. మళ్ళీ తీసింది. ఏదో సరిగా లేదు, అదేంటో తెలియడం లేదు. నాలుగు కిలోమీటర్లు పోయాక లేచి డోరు దగ్గరికొచ్చి నిలబడింది.

“రాజుపాలెం ఇంకా చానా దూరముందమ్మా, కూర్చో,” అన్నాడు కండక్టరు.

“పర్లేదులే అన్నా.”

కిటికీల్లోంచి మిరప చేలు వెనక్కి పోతున్నాయి. ఆమె కళ్ళు వాటి మీద లేవు. ఆ సున్నాలే కళ్ళ ముందు ఆడుతున్నాయి. తప్పేముంది? చెత్త కంటే సున్నా నయమేగా. ఆ చెత్త ఊరికే ఉండదు, అడ్రస్‌లో భాగమై ప్రతి మెసేజ్ తోటీ బయటికి పోతుంది. కెర్నల్ లోపలి అంకెలు బయటివాడికి కనపడటం ప్రమాదం. సున్నా అయితే ఆ ప్రమాదం లేదు. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుంటూ రాజుపాలెంలో దిగి, ఆటో ఎక్కి క్రషర్‌కి వెళ్ళింది.

ఆ క్రషర్‌లో రెండు కాటాలు. లోపలికొచ్చే ఖాళీ లారీని ఒకటి తూస్తుంది, కంకరతో బయటికి పోయేదాన్ని ఇంకొకటి. రెండు గదుల్లోనూ రెండు కంప్యూటర్లు, రెంటి లెక్కా ఆఫీసులో సూపర్‌వైజరు వెంకటేష్ ముందున్న తెర మీదికి వస్తుంది. ఆ రోజు శ్రీదేవికి అప్పజెప్పిన పని బయటి కాటా ప్రింటరు. చీటీలు సగం సగం వస్తున్నాయి. తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి పదకొండుకల్లా బాగు చేసింది. వైరు సర్దడానికి బల్ల కిందికి దూరింది.

అక్కడ అడాప్టర్ వేలాడుతోంది. దుమ్ము తుడిచి దాని మీది స్టిక్కర్ చదివింది. ఆరు జతలు. మొదటి మూడూ కంపెనీవి. కంపెనీ చేసిన ప్రతి ముక్క మీదా అవే ఉంటాయి. తేడా ఉండేది చివరి మూడింట్లోనే.

శ్రీదేవి బల్ల కింద అలాగే మోకాళ్ళ మీద ఆగిపోయింది.

రెండు కాటాల అడాప్టర్లూ ఒకే పెట్టెలోవి, గుంటూరులో ఒకే రోజు కొన్నవి. వోల్టేజి పడిపోయి లేచినప్పుడు రెండూ సగమే జవాబు చెబితే? మొదటి మూడు జతలూ ఒకటే. మిగిలిన మూడింట్లో సున్నాలు. అంటే రెంటికీ ఒకే అడ్రస్. ఒకే నెట్‌వర్క్‌లో రెండు మెషీన్లు ఒకే అడ్రస్‌తో ఉంటే, ఒకదానికి పోవాల్సింది ఇంకోదానికి పోతుంది, రెండూ తెగి తెగి పలుకుతాయి. ఇంతవరకూ చివరి మూడింట్లో చెత్త ఉండేది. అది తప్పే. కానీ ఆ చెత్త ఒక్కో మెషీన్లో ఒక్కో రకంగా ఉండేది కాబట్టి కాటాలు కొట్టుకోకుండా నడిచిపోయాయి.

ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆఫీసు రౌటర్‌లో నమోదైన అడ్రస్‌ల పట్టీలో, స్టిక్కర్‌కి సరిపోలని వింత అడ్రస్‌లు ఆమె ఇదివరకు చూసింది. ఒకసారి కాదు. నకిలీ సరుకు, అందుకే ఇలా ఉందనుకుని ఊరుకుంది. యంత్రం ఇప్పుడు పట్టుకున్న తప్పు ఏడాదిగా ఆమె కళ్ళ ముందే ఉంది.

మారెక్ దగ్గర ఈ అడాప్టర్ లేదు, ప్యాచ్ వివరణలో ఆ మాట తనే రాశాడు. నిలకడగా కరెంటు వచ్చే చోట అడాప్టర్ సగం జవాబు చెప్పడం ఎప్పుడో గానీ జరగదు. ఈ క్రషర్‌లో రోజుకి రెండు మూడుసార్లు మోటారు స్టార్టవుతుంది. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ మెయిల్ జాబితా మొత్తం మీద తనొక్కతే. తనే బాగుందని రాసి పంపింది.

కానీ ఇదంతా ఊహే. సగం జవాబు నిజంగా మూడు జతల దగ్గరే తెగుతుందా? రెండూ ఒకేసారి తెగుతాయా? చూడకుండా ఒకసారి ఒప్పుకుంది. చూడకుండానే రెండోసారి కాదనడం ఎలా?

ఆఫీసు గదిలోకి వెళ్ళింది. వెంకటేష్ ఫోన్లో ఎవరో టిప్పర్ డ్రైవర్ని కేకలేస్తున్నాడు. అయ్యేదాకా కూర్చోకుండా గుమ్మంలోనే నిలబడింది.

“వెంకటేష్ గారూ, అన్నాల టైములో ఆ రెండు కంప్యూటర్లూ నాకొక అరగంట ఇయ్యండి.”

“ప్రింటరు బాగయిందన్నావుగా. మళ్ళీ ఏందమ్మా?”

“ప్రింటరు కాదండి. ఈ అడాప్టరుంది చూడండి, దీన్ని నడిపే ప్రోగ్రాం మారుస్తున్నారు. బాగుందని నేను పొద్దున పేరు పెట్టా. అది తప్పేమోనని అనుమానంగా ఉంది.”

“ఎవురు మార్చేది?”

“పోలండాయన.”

వెంకటేష్ ఆమె మొహంలోకి చూశాడు. ఎగతాళి చేస్తోందేమో అనుకున్నాడు. “పోలండాయన ఏదో మారిస్తే నా కాటాలు ఎందుకమ్మా ఆపేది?”

“ఆయన మార్చింది ఆర్నెల్ల తర్వాత మీ కాటాలోకి కూడా వస్తదండీ. నేనే తెచ్చి ఎక్కిస్తా. అప్పుడు రెండు కాటాలూ ఆగిపోతే మీరు ఫోన్ చేసేది నాకే.”

అతను కాసేపు బయట నిలబడ్డ లారీల వైపు చూశాడు. “ఒంటిగంట నుంచి రెండు దాకా. రెండుకి ఒక్క నిమిషం దాటినా లారీవోళ్ళు నా మీదికొస్తారు. నువ్వే సమాధానం చెప్పుకోవాల.”

ల్యాప్‌టాప్ తెరిచి మారెక్ ప్యాచ్‌తో ఆ డ్రైవర్ ముక్కని తయారు చేసుకుంది. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆ గంట గడవడమే కష్టమైంది. టిఫిన్ డబ్బా తీసింది, ఒక ముద్ద తిని మూత పెట్టేసింది. క్రషర్ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. ఆపరేటర్ మౌలాలీ ప్యానెల్ దగ్గర తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. యాభై దాటిన మనిషి, ఆ మోటారుతో పదిహేనేళ్ళ సావాసం.

“బాబాయ్, నాకోసం ఇవాళ మోటారు కొంచెం ముందు స్టార్టు చెయ్యాలి. రెండుసార్లు.”

“రెండుసార్లా? ఏసి ఆపి, ఎంబటే మళ్ళీ ఎయ్యకూడదమ్మాయ్. కాయిల్ కాలిద్ది. మధ్యన పది నిమిషాలన్నా చల్లారాల.”

“పది నిమిషాలు ఆగుదాం. మొదటిది ఒకటిన్నరకి.”

“ఏం పరీచ్చ?”

“కరెంటు పడిపోయినప్పుడు కాటాలకి ఏమవుద్దో చూడాలి.”

“అదేం చూసేది, లైట్లు గుడ్డిదీపాలైతయ్,” అని నవ్వాడు కానీ, సరేనన్నాడు.

ఒంటిగంటకి క్రషర్ ఆగింది. అంతసేపూ చెవుల్లో మోగిన రొద ఒక్కసారిగా పోయేసరికి, మనుషుల మాటలు దూరం నుంచి కూడా స్పష్టంగా వినపడసాగాయి. శ్రీదేవి రెండు గదుల్లోకీ పరుగెత్తి, రెండు మెషీన్లలో కొత్త డ్రైవర్ ఎక్కించింది. ఒకటిన్నరకి తువ్వాలు ఊపింది. మౌలాలీ బటన్ నొక్కాడు. మోటారు మూలిగి, అందుకుంది. గదిలో ట్యూబులైటు ఒకసారి కొట్టుకుంది.

అంతే. అడాప్టర్ దీపాలు ఆరలేదు. ఆమె ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగింది. రెండు అడ్రస్‌లూ స్టిక్కర్ల మీద ఉన్నట్టే ఉన్నాయి.

నా అనుమానమే తప్పా? ఆమెకు ఒక క్షణం హాయిగా కూడా అనిపించింది. పొద్దున రాసింది అలాగే ఉండనివ్వచ్చు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ హాయి మీద వెంటనే చిరాకేసింది. ఒక్కసారి చూసి వదిలేస్తే, పొద్దున నాలుగు నిమిషాలు చూసి వదిలేసినదానికీ దీనికీ తేడా ఏముంది?

మౌలాలీ మోటారు ఆపాడు. పది నిమిషాలు. బయటి కాటా పక్కన నేల మీద కంకర పలుకులు ఏరుతూ, విసురుతూ, మళ్ళీ ఏరుతూ గడిపింది. గేటు దగ్గర అప్పుడే నాలుగు లారీలు చేరాయి. ఒకడు హారన్ మొదలుపెట్టాడు.

“ఈసారి కన్వేయరు బెల్టు కూడా కలిపి ఏస్తా, రోజూ రెండు గంటలకి అట్టనే ఏసేది,” అన్నాడు మౌలాలీ. “ఇందాక ఒట్టి మోటారే ఏశా, నువ్వు చెప్పలా.”

ఒకటీ నలభై ఏడుకి వేశాడు. ఈసారి లైటు దాదాపు ఆరిపోయింది. పాత యూపీఎస్ కీచుమంది. అడాప్టర్ దీపం పోయి, రెండు సెకన్ల తర్వాత వచ్చింది. శ్రీదేవి తెర మీద అడ్రస్ చూసింది. మొదటి మూడు జతలు కంపెనీవి. తర్వాత సున్నా సున్నా, సున్నా సున్నా, సున్నా సున్నా. ఫోన్లో ఫోటో తీసుకుని లోపలి కాటా గదికి ఉరికింది. అక్కడా అంతే. అంకె తేడా లేదు.

ఆఫీసులోంచి వెంకటేష్ కేక వినపడింది. “ఏందమ్మా ఇది? లోపలి కాటా వస్తే బయటిది పోతంది, బయటిది వస్తే లోపలిది పోతంది!”

“నేను చూడాలనుకున్నది అదేనండీ!”

“చూశావుగా, ఇంక తియ్యి!”

ఆమె పాత డ్రైవర్లు తిరిగి ఎక్కించేసరికి రెండు గంటల నాలుగు నిమిషాలైంది. మొదటి లారీ డ్రైవరు కాటా ఎక్కుతూ ఆమెను ఏదో అన్నాడు. రొదలో వినపడలేదు.

క్రషర్ దగ్గర ఫోన్‌కి సిగ్నల్ సరిగా ఉండదు. రాజుపాలెం సెంటర్‌కి వచ్చి, ఒక టీ హోటల్ బెంచీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మెయిల్ రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. “ఒక చిన్న సందేహం” అని రాసింది. చెరిపేసింది. అది చిన్నదీ కాదు, సందేహమూ కాదు. “పొద్దున బస్సు వస్తున్న తొందరలో” అని రాసింది. అదీ చెరిపేసింది. వేలమంది చదివే జాబితా అది. అందులో ఇంగ్లీషు తప్పు లేకుండా రాయడానికే ఆమెకు గంట పడుతుంది. ఇప్పుడు అందరి ముందూ పొద్దున మాట సాయంత్రానికి మార్చాలి. ఈవిడకేం తెలుసు, రివ్యూయర్ అట, అనుకోరా?

రామాంజి ఫోన్ చేశాడు. సూర్యాపేట దాటి ఏదో డాబా దగ్గర ఆగాడట.

“ఏమే, తిన్నావా?”

“తినలా. ఏమయ్యా, పొద్దున ఒకదానికి బాగుందని పేరు పెట్టి పంపా. అది బాగాలా. ఇప్పుడు అందరి ముందర కాదని రాయాల.”

అతనికి కెర్నల్ తెలియదు. కొంచెం ఆలోచించాడు. “సరుకు గేటు దాటిందా?”

“దాటలా. రేపు దాటిద్ది.”

“అయితే ఇప్పుడే చెప్పెయ్. గేటు దాటినాక చెప్తే లారీ వెనక్కి తిప్పాల. అప్పుడు తిట్టేవోళ్ళు ఎక్కువైతరు. ఇప్పుడైతే ఒకళ్ళిద్దరే.”

“పరువు పోదా?”

“పేరు నీదే కదే, పెట్టింది నువ్వే, తీసేదీ నువ్వే. తిను ముందు.”

అతను పెట్టేశాక ఆమె ఆగకుండా రాసింది. “పొద్దున నేను పెట్టిన పేరు వెనక్కి తీసుకుంటున్నాను. ప్యాచ్‌ని సరిగా పరిశీలించకుండా ఒప్పుకున్నాను, తప్పు నాది. ఈ మార్పు యంత్రానికి కనిపించే తప్పుని కప్పుతుంది కానీ అసలు తప్పు అలాగే ఉంటుంది. అడాప్టర్ ఎన్ని అంకెలు పంపిందో డ్రైవర్ చూడాలి. చూడకుండా సున్నాలు నింపితే ఒకే నెట్‌వర్క్‌లో రెండు అడాప్టర్లకి ఒకే అడ్రస్ వస్తుంది. ఇవాళ రెండు మెషీన్ల మీద చూశాను.” కింద రెండు అడ్రస్‌లూ పెట్టింది. మళ్ళీ చదివితే చెరిపేస్తానేమోనని భయపడి, చదవకుండానే పంపేసింది.

ఆ సాయంత్రం పేటకి తిరిగొచ్చి ఇల్లు ఊడ్చింది, ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది. పప్పు పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. జవాబు రాలేదు.

గురువారం పొద్దున మెయింటైనర్ మెయిల్ వచ్చింది. “పక్కన పెట్టాను. ఈ మాటలన్నీ పేరు పెట్టక ముందు చెప్పి ఉంటే బాగుండేది.” రెండు వాక్యాలే. అందులో అన్యాయం ఏమీ లేదు. అయినా ఆమె రోజంతా వాటిని మనసులో తిప్పుతూనే ఉంది.

మధ్యాహ్నం మారెక్ రాశాడు. అది మండిపడుతూ రాసిన మెయిల్. నా దగ్గర ఆ అడాప్టర్ లేదని ముందే చెప్పాను, మూడుసార్లు మార్చి పంపాను, మీరు ఒప్పుకున్నారు, ఇప్పుడు అందరి ముందూ కాదంటున్నారు, కోడ్ చూస్తే పొద్దున కనపడనిది సాయంత్రం ఎలా కనపడింది, అని.

శ్రీదేవి దీనికి ఇంట్లో కూర్చుని నెమ్మదిగా జవాబు రాసింది. మీకు అడాప్టర్ లేకపోవడం మీ తప్పు కాదు. నా దగ్గర ఉంది, అయినా చూడకుండా ఒప్పుకున్నాను, అది నా తప్పు. పొద్దున కోడ్ చూశాను, మధ్యాహ్నం మెషీన్ చూశాను. మీరు నాలుగో కూర్పు పంపితే ఆ రోజే పరీక్షించి చెబుతాను.

మారెక్ పలకలేదు. ఒక రోజు, రెండు రోజులు, వారం. ఆమె పొద్దున లేవగానే మెయిల్ చూసేది, మాచవరంలో బట్టీ కాటా కింద పడుకుని చూసేది, బస్సులో చూసేది. తొమ్మిదో రోజున, ఇక తనే రాయాలని కూర్చుంది. వచ్చిన అంకెలు ఆరుకి తక్కువైతే, అడ్రస్ చదవడం విఫలమైందని డ్రైవర్ ఆగిపోయేలా రాసింది. తప్పు మొదట సరిదిద్దబోయింది మారెక్ అని వివరణలో అతని పేరు చేర్చింది. ఆదివారం పంపింది.

మంగళవారం దాని మీద మొదటి జవాబు మారెక్ దగ్గర్నుంచి వచ్చింది. ఆమె వెంటనే తెరిచి చూసింది.

ఈసారి కోపం లేదు. నాలుగు వాక్యాలు. “మీ పద్ధతి సరైనదే. కానీ ఇక్కడ మీరు విఫలమైందని వెనక్కి తిరిగితే, అడాప్టర్ అసలు పైకే రాదు. మీరు చెప్పినట్టు కరెంటు తరచూ పడిపోయే చోట అది ఇంకా పెద్ద ఇబ్బంది కాదా? అడ్రస్ సరిగా రాకపోతే, అప్పటికప్పుడు ఒక తాత్కాలిక అడ్రస్ పుట్టించి ఇస్తే ఎలా ఉంటుంది? కెర్నల్‌లో దానికి ఏర్పాటు ఉంది.”

శ్రీదేవి లేచి నిలబడింది. నిజమే. తన ప్యాచ్ అలాగే పోయి ఉంటే, మౌలాలీ మోటారు వేసినప్పుడల్లా రెండు కాటాలూ చచ్చి పడుకునేవి. అడాప్టర్ లేనివాడు, క్రషర్ ఎలా ఉంటుందో తెలియనివాడు, ఆమె ఆ రోజు రాసిన మాటలు చదివి దాన్ని ఊహించుకున్నాడు. ఆమెకు సిగ్గేసింది. సంతోషమూ వేసింది. ఏది ఎక్కువో తేల్చుకోలేక వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగింది.

ఆ రాత్రే కోడ్ అలా మార్చి రాసుకుని, మర్నాడు మళ్ళీ క్రషర్‌కి పోయి వెంకటేష్‌ని ఇంకో అన్నాల గంట అడిగింది. “ఈసారైనా ఆఖరా?” అన్నాడు. ఆఖరేనంది. మౌలాలీ మోటారూ బెల్టూ కలిపి రెండుసార్లు వేశాడు. రెండోసారి అడాప్టర్లు ఆరి వెలిగాయి. రెంటికీ వేరు వేరు తాత్కాలిక అడ్రస్‌లు వచ్చాయి. ఆఫీసు తెర మీద రెండు కాటాలూ కదలకుండా ఉన్నాయి. వెంకటేష్ తెర వంక ఐదు నిమిషాలు అనుమానంగా చూసి, ఏమీ జరగకపోయేసరికి టీకి లేచి పోయాడు.

రెండో కూర్పు శుక్రవారం పంపింది. మారెక్ సోమవారం దాని కింద ‘రివ్యూడ్ బై’ అని తన పేరు పెట్టాడు. ఆ గురువారం మెయింటైనర్ దాన్ని తీసుకున్నాడు. మాట ఒక్కటే రాశాడు, “తీసుకున్నాను” అని. ఆ మెయిల్ వచ్చినప్పుడు శ్రీదేవి బొల్లాపల్లిలో ఒక పత్తి మిల్లు కాటా గదిలో ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళకి చెబితే అర్థమయ్యేది కాదు. స్క్రూడ్రైవరు పక్కన పెట్టి ఇంకోసారి చదువుకుని, మళ్ళీ పనిలో పడింది.

రామాంజి ఆదివారం ఇంటికొచ్చాడు. “తీసుకున్నారంటగా. ఇంకేంది, ఇవాళన్నా కాసేపు కూర్చో,” అన్నాడు. కూర్చుంది, కానీ ఒళ్ళో ల్యాప్‌టాప్ ఉంది. అదే రకం అడాప్టర్లని నడిపే ఇంకో డ్రైవర్ తెరిచి చూస్తోంది. ఎన్ని అంకెలు వచ్చాయో చూడకుండా చదివే వరస అందులోనూ ఉంది. ఆ పక్కనున్న మూడో డ్రైవర్ తెరిచింది. అందులోనూ ఉంది.

“ఈ అడాప్టర్లు నా దగ్గర లేవయ్యా,” అంది. “గుంటూరులో దొరుకుతయ్యేమో.”

“ఇప్పుడా?”

“ఇప్పుడు కాదు. రేపు.”

అంటూనే కాలు ఆడిస్తోంది. రామాంజి వంటింట్లోకి వెళ్ళి ఎసరు పెట్టి, బియ్యం కడిగి పోశాడు.